ప్రీవియస్ అనే మనిషి

ఆ లాండ్రీలో ఏ పాపం జరిగినా చేసేది ఒక్కరే. దుప్పటి మాడితే ప్రీవియస్. తువ్వాలు చిరిగితే ప్రీవియస్. సబ్బునీళ్ళ డబ్బా మూత పెట్టకుండా వదిలేసి నేలంతా నురగ పారితే, అదీ ప్రీవియస్ నిర్వాకమే. పొద్దున షిఫ్టు వాళ్ళకు ప్రీవియస్ అంటే నిన్న సాయంత్రం పనిచేసినవాళ్ళు. సాయంత్రం షిఫ్టు వాళ్ళకు ప్రీవియస్ అంటే పొద్దున పనిచేసినవాళ్ళు. ఉన్నవి రెండే షిఫ్టులు కాబట్టి ఒకరికొకరు ప్రీవియస్సులై, నేరాన్ని బంతిలా అటూ ఇటూ విసురుకుంటూ హాయిగా కాలక్షేపం చేసేవాళ్ళు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఒకటుందని వాళ్ళలో ఒక్కరికీ గుర్తొచ్చేది కాదు.

ముందు చేసినవాళ్ళు అని తెలుగులో అనొచ్చు కదా అంటే, అనొచ్చు. కానీ అలా అన్నామంటే వినేవాళ్ళు వెంటనే "ఎవరు?" అంటారు. ప్రీవియస్ అంటే ఎవరూ అడగరు. ఆ ఇంగ్లీషు మాటలో ఉన్న సుఖమే అది. మనిషి కంటికి కనబడడు, నేరం మాత్రం బుద్ధిగా మోసుకుని వెళ్ళిపోతాడు.

హోటళ్ళ వెనక వీధిలో, రేకుల కప్పు కింద పొడుగాటి గది అది. ఒక గోడకు వరసగా పెద్ద పెద్ద మిషన్లు, ఆ చివర దుప్పట్లను ఇస్త్రీ చేసి బయటికి తోసే రోలరు, మధ్యలో చక్రాల ట్రాలీలు. కిటికీ అద్దాలకు ఎప్పుడూ ఆవిరి పట్టే ఉంటుంది కనుక బయట ఎండో వానో, లోపలికొచ్చే మనిషిని చూసి తెలుసుకోవలసిందే. అక్కడ అందరికంటే పాత మనిషి ప్రీవాషమ్మ. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తెలుసేమో. మిగతావాళ్ళకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ పేరు పెట్టింది రోలరు దగ్గర పనిచేసే ఆయన. ఆయన్ని అందరూ రోలరు మామ అంటారు. మరకలున్న బట్టల్ని అసలు ఉతుకుకు ముందు ఒకసారి చల్లనీళ్ళలో తిప్పి వదలడాన్ని ప్రీవాష్ అంటారు. చేరిన కొత్తలో ఆవిడకిచ్చిన పని అదే. ఆ "ప్రీ" ఆవిడకు తెగ నచ్చేసింది. లోకంలో దేనికైనా ముందు ఒకటి జరిగి తీరాలన్నది ఆవిడ సిద్ధాంతం. షిఫ్టు ఎక్కకముందు తాగేది ప్రీటీ. మంచం ఎక్కకముందు కుర్చీలో తల వాల్చి తీసే కునుకు ప్రీనిద్ర. "ఇది ప్రీకోపం, అసలు కోపం ఇంకా రాలేదు" అని ఆవిడ అన్నదంటే ఎంతటివాళ్ళయినా సర్దుకునేవాళ్ళు. నాలుగేళ్ళ మనవరాలు పెదవి విరుచుకుని కూర్చున్నప్పుడు ఏమైందని అడిగితే "ప్రీఏడుపు" అని జవాబు చెప్పేది.

ఆవిడకు తన మీద తనకున్న నమ్మకం ఇంతా అంతా కాదు. షిఫ్టు అప్పగింతలకు ఆ లాండ్రీలో ఉన్న పద్ధతి ఆవిడ పెట్టిందే. దిగిపోయే మనిషి మిషను పక్కన నిలబడాలి. ఎక్కే మనిషి ఖాళీ డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి పెట్టి చుట్టూ ఒక తిప్పు తిప్పి, ఏ గుడ్డముక్కా తగలకపోతే "తీసుకున్నా" అనాలి. ఆ మాట అనేదాకా డ్రమ్ములో ఏముంటే అది ప్రీవియస్ వాళ్ళది. అన్నాక ఏమున్నా నీది. చాలామంది ఆ చెయ్యి పెట్టడాన్ని దణ్ణం పెట్టినట్టు మొక్కుబడిగా కానిచ్చేసేవాళ్ళు. ప్రీవాషమ్మ మాత్రం పచ్చడి జాడీ అడుగు తడిమినట్టు తడిమేది.

ఆవిడకు ప్రీవియస్ ఎవరయ్యా అంటే, సొంత కోడలు.

కోడలు ఆ ఇంటికొచ్చి అయిదేళ్ళయింది, లాండ్రీకొచ్చి కొద్ది నెలలే. అత్తగారి సిఫారసు మీదే చేరింది. పొద్దున షిఫ్టులో మూడో నంబరు మిషను కోడలిది, సాయంత్రం షిఫ్టులో అదే మిషను అత్తది. కోడలికి ఇంకా ప్రొబేషన్ నడుస్తోంది. ఆ నెలాఖరుకు అది పూర్తయితే ఉద్యోగం పర్మనెంటు. ఆ అమ్మాయికి ఆ ఉద్యోగం మీద ఎంత ఆశంటే, పెళ్ళయ్యాక తనది అని చెప్పుకోవడానికి దొరికిన మొదటి వస్తువు అదేనని మొగుడితో ఒకసారి అన్నది. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఇరుకు సందులో బండి నడిపినట్టు, హారన్ కూడా కొట్టకుండా జాగ్రత్తగా దాటిపోయే మనిషి. విని తలూపాడు.

ఇలా ఉండగా లాండ్రీకి కొత్త మేనేజరు వచ్చాడు. కోపిష్ఠి కాదు, నవ్వూ ఎక్కువ లేదు. వచ్చిన వారంలోనే రెండు షిఫ్టుల వాళ్ళనీ నిలబెట్టి ఒక మాట చెప్పాడు.

"నేను హాజరుపట్టీ మొత్తం చూశాను. ప్రీవియస్ అనే మనిషి మన దగ్గర పనిచెయ్యట్లేదు. కాబట్టి ఇకనుంచి ఏదైనా పాడైతే నాకు మనిషి కావాలి. ఎవరు, ఎలా అన్నది చెప్తే చాలు. ప్రీవియస్ అని మాత్రం చెప్పకండి."

"అయితే ఇక మనకి దిక్కెవరు?" అని రోలరు మామ గొణిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వెనక వరసలో ఇద్దరు ముగ్గురు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్రీవాషమ్మ మాత్రం తల పైకెత్తుకునే నిలబడింది. ఆవిడ డ్రమ్ములో తప్పు దొరకడమన్నది ఆ లాండ్రీ చరిత్రలో లేదు.

అసలు గొడవ ఇంట్లో మొదలైంది, గ్లాసుల దగ్గర. ఒక ఆదివారం కోడలు గ్లాసులన్నీ కడిగి బోర్లించింది. ప్రీవాషమ్మ వచ్చి, ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పెట్టి చూసి, మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. రోజూ చేసేదే. ఆ రోజు కోడలు గుమ్మంలో నిలబడి చూసింది.

"అత్తయ్యా, నేను కడిగిన గ్లాసు మీరు మళ్ళీ కడుగుతారు. నేను మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెడతారు. పాపకి నేను జడేస్తే దాన్ని విప్పి మళ్ళీ వేస్తారు. ఇల్లు కాబట్టి ఊరుకున్నా. అక్కడ కూడా అందరిముందూ నా డ్రమ్ములో రెండుసార్లు చెయ్యి తిప్పుతారు."

"ఎవరి దగ్గర తీసుకున్నా తిప్పుతానమ్మాయ్. అది పద్ధతి."

"నాకు ముందున్నవాళ్ళందరికీ ఒక తిప్పు. నాకు రెండు. కావాలంటే రోలరు మామనడగండి, ఆయన లెక్కపెట్టి మరీ నవ్వుతాడు."

ప్రీవాషమ్మకు ప్రీకోపం వచ్చింది. కానీ కోడలి గొంతులో ఏడుపు ఉందని గమనించి ఆగింది. "నీ మంచికే కదా" అన్నది.

"నా మంచి కోసమే ఒక్కసారి నన్ను నమ్మండి. నేను చూశానంటే చూశాననుకోండి. ఒక్కరోజు. అంతే అడుగుతున్నా."

ప్రీవాషమ్మ చేతిలో గ్లాసు తుడవకుండానే పక్కన పెట్టింది. మనవరాలికి ఆ సాయంత్రం జడ విప్పలేదు. మనసులో మాత్రం ఆ పిల్ల అన్న మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. రెండు తిప్పులు తిప్పుతున్న సంగతి ఆవిడ చేతికి తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం అప్పగింతల వేళ కోడలు మూడో నంబరు పక్కన నిలబడి ఉంది. ఎర్ర నాప్‌కిన్లు ఉతికే చిన్న మిషను చెడిపోయిందని, పొద్దున వాటిని పెద్దదాంట్లోనే వేశారట. "ఎర్రవి నడిచాయి అత్తయ్యా. తర్వాత ఖాళీగా ఒకసారి చల్లనీళ్ళు తిప్పాను. చెయ్యిపెట్టి చూశాను, ఏమీ లేదు" అన్నది. రోలరు మామ చేస్తున్న పని ఆపి మరీ చూస్తున్నాడు. ప్రీవాషమ్మ కుడిచెయ్యి అలవాటుగా మోచేతిదాకా లేచింది. అంతలో ఏమనుకుందో, ఆ చేతిని తీసుకెళ్ళి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది.

"తీసుకున్నా" అన్నది.

కోడలి మొహం విప్పారింది. గబగబా వెళ్ళిపోయింది. ప్రీవాషమ్మ కూడా ఎవరికో మంచి బహుమతి కొనిచ్చినంత గర్వంగా మిషను నిండా తెల్ల దుప్పట్లు వేసి, వేడినీళ్ళ మీట తిప్పింది.

తలుపు తీసేసరికి దుప్పట్లన్నీ లేత గులాబీ రంగులో ఉన్నాయి.

ఆవిడ తలుపు బార్లా తీసింది. తర్వాత ఒక్కొక్కటే బయటికి లాగింది. చూడగా చూడగా తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలో ఇరుక్కుని, సగం బయటికి వేలాడుతూ ఒక ఎర్ర నాప్‌కిన్ కనబడింది. చల్లనీళ్ళకు లొంగకుండా కూర్చుని, వేడినీళ్ళు తగలగానే తన రంగంతా అందరికీ పంచిపెట్టింది. ఏదో పెద్ద హోటలు దుప్పట్లు. కొన్నిటికి మళ్ళీ తెలుపు తెప్పించవచ్చు. కొన్నిటికి ఆ ఆశ లేదు. కబురు అందుకున్న మేనేజరు వచ్చి, ఒక దుప్పటి కొస పట్టుకుని చూసి, "ఎవరు?" అన్నాడు.

రోలరు మామ ఆవిడ పక్కకు జరిగాడు. "అక్కా, ఒక్కసారికి ప్రీవియస్ అనెయ్. నిజమే కదా, నువ్వేం చేశావ్?" అని గుసగుసలాడాడు.

నిజమే. అదే చిక్కు. తనకు అప్పగించకముందే అది అక్కడుంది. చూశానని కోడలు చెప్పింది, తను నమ్మింది. ఆ ఒక్క వాక్యం చెబితే చాలు, ఆవిడ పేరుకు మరక అంటదు, నెలాఖరుకు కోడలి ఉద్యోగం ఉండదు. మాట నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది. మేనేజరు తొందరపెట్టలేదు. "పొద్దున షిఫ్టు అమ్మాయిని కూడా రమ్మంటాను, ఇద్దరూ ఉన్నప్పుడే మాట్లాడదాం" అని ఫోను తీశాడు.

కోడలు వచ్చేదాకా ప్రీవాషమ్మ ఆ మడత ముందే నిలబడింది. రెండు వేళ్ళు అందులో పెట్టి చుట్టూ జరిపి చూసింది. ఆ దారి ఆవిడ వేళ్ళకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ కుడిచెయ్యి డ్రమ్ములో తిరుగుతుంటే ఎడమచేతి వేళ్ళు ఈ మడతలో తిరిగేవి. అది పని అని కూడా ఆవిడ ఏనాడూ అనుకోలేదు. ఈలోగా మనసు ఒక ఉపాయం వెతికి పెట్టింది. తప్పంతా తన మీద వేసుకోవాలి. "నాదే సార్ తప్పు, చిన్నపిల్ల, దాన్ని వదిలెయ్యండి" అనాలి. ఎంత బాగుంది ఆ మాట! కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, లాండ్రీ అంతా ఔరా అత్తగారంటే ఇలా ఉండాలి అంటుంది. ఆవిడ ఆ వాక్యాన్ని లోలోపల రెండుసార్లు అనుకుని, గొంతు సవరించుకుని సిద్ధంగా ఉంది.

కోడలు పాపను చంకనేసుకుని పరుగున వచ్చింది. పిల్లను ఖాళీ ట్రాలీలో కూర్చోబెట్టి, గులాబీ దుప్పట్లను చూసింది, ఎర్ర నాప్‌కిన్ను చూసింది. "ఎక్కడుంది?" అని అడిగింది. మేనేజరు రబ్బరు మడత చూపించాడు.

ప్రీవాషమ్మ నోరు తెరిచేలోపే కోడలు అన్నది, "నేను చెయ్యిపెట్టి చూసిన మాట నిజం సార్. డ్రమ్ములో ఏమీ లేదు. కానీ ఈ మడతలో చూడాలని నాకు తెలీదు. మా అత్తయ్య నాకెప్పుడూ చెప్పలేదు."

ప్రీవాషమ్మకు ప్రీకోపం రాలేదు, నేరుగా అసలు కోపమే వచ్చింది. తను దానంగా ఇద్దామని చేతిలో పట్టుకు నిలబడిన దాన్ని ఈ పిల్ల అందరిముందూ బాకీలా వసూలు చేస్తోంది! నడమంత్రపు నోరు! పని నేర్పిందెవరు, చేర్పించిందెవరు?

"చెప్పలేదా?" అన్నది. "మొదటిరోజు పక్కన నిలబెట్టుకుని చూపించలేదూ? ఏదీ, ఎలా చూశావో చెయ్యి అందరిముందూ."

కోడలు మిషను ముందుకెళ్ళి చెయ్యి పెట్టింది. మోచేతిదాకా. అడుగు నుంచి మొదలుపెట్టి, పక్కలు తడుముతూ, పైకి పోయి, మళ్ళీ అడుక్కి. చివర అరచేత్తో డ్రమ్ము అంచును చిన్నగా తట్టింది. అది చూసి ప్రీవాషమ్మ పోల్చుకుంది. ఆ తట్టడం తనది. దానికి అర్థం లేదు, ఉత్త అలవాటు. ఆ పిల్ల దాన్ని కూడా వదలకుండా పట్టుకుంది. తను ఏం చేస్తే అది వెంట్రుకవాసి తేడా లేకుండా చేస్తోంది. ఎడమచెయ్యి మాత్రం ఊరికే పక్కన వేలాడుతోంది. తన ఎడమచేతిని ఆ పిల్ల ఎన్నడూ చూసే వీలు లేదు, ఎప్పుడూ తన ఒళ్ళే అడ్డం.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. ఆ సామెత ఇన్నాళ్ళూ వేరే అత్తల గురించి అనుకుంది ఆవిడ.

"నిజమే సార్" అన్నది. "చెప్పలేదు."

"మర్చిపోయారా?" అన్నాడు మేనేజరు.

"మర్చిపోయుంటే బాగుండేది. చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు. ఈ పిల్ల చేశాక మళ్ళీ నేను చూస్తాను కదా, అన్న ధీమా. ఇంట్లోనూ అంతే, ఇక్కడా అంతే. మళ్ళీ నేనే చేసుకునేటప్పుడు ఎవరికైనా ఏం నేర్పుతాం? నిన్న నన్ను నమ్మమని అడిగింది. నమ్మాను. నమ్మాలంటే అంతకుముందు అన్నీ చెప్పి ఉండాలిగా, ఆ ముక్క నాకు తట్టలేదు." "చూశానన్న మాట అబద్ధం కాదు. నేను చూపించినదంతా చూసింది. ఆ ప్రొబేషనేదో దానికి తీసేసి నాకు వెయ్యండి" అన్నది.

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు నవ్వలేదు. కోడలు తల వంచుకుంది. ఏడుస్తోందో లేదో తెలియలేదు. ట్రాలీలో పిల్ల మాత్రం అందర్నీ మార్చి మార్చి చూసి, పెదవి విరిచింది.

మేనేజరు చెప్పాడు, "పాడైన వాటి సంగతి హోటలుతో నేను మాట్లాడుకుంటాను. మీ ఇద్దరినీ రేపట్నుంచి ఒకే షిఫ్టులో వేస్తున్నా. నెలాఖరున నేనొచ్చి చూస్తాను. మూడో నంబరు ఆ అమ్మాయి ఒక్కతే నడపాలి, మీరు ముట్టుకోకూడదు. నడిపితే పర్మనెంటు. మీ చెయ్యి పడాల్సి వస్తే మాత్రం, నేను చెయ్యగలిగింది లేదు."

"ఇంట్లోనూ ఒకటే కప్పు, ఇక్కడా ఒకటే కప్పు" అన్నాడు రోలరు మామ. "ఇద్దర్లో ఎవరు బతికి బట్టకడతారో!"

ఆ రాత్రి ఇంట్లో కొడుక్కి సంగతంతా చెప్పారు. కొడుకు తన డ్యూటీ మార్చుకుంటానని, పాపను తను చూసుకుంటానని అన్నాడు. ఆ మనిషి ఆ ఇంట్లో తనంతట తాను నోరు విప్పి చెప్పిన మాట అదే మొదటిది కావచ్చు.

మర్నాడు ఇద్దరూ మూడో నంబరు ముందు నిలబడ్డారు. కోడలు సూటిగా అడిగింది.

"మడత సంగతి తెలిసింది. ఇంకా నాకు చెప్పనివి ఏమున్నాయి అత్తయ్యా?"

"అన్నీ చెప్పానమ్మాయ్."

"అవి చెప్పినవి. చెప్పనివి అడుగుతున్నా."

ప్రీవాషమ్మ నిజంగానే ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఒక్కటీ తట్టలేదు. గోడకు చేరగిలబడింది, నుదురు రుద్దుకుంది. ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి, పని గురించి చెప్పమంటే ఏమీ చెప్పలేకపోతోంది. ఆవిడ ధైర్యం మొట్టమొదటిసారి కాస్త జారింది. నెలాఖరు దగ్గరపడుతోంది. తెలిసిందంతా చేతుల్లో ఉంది, నోట్లో ఏమీ లేదు. చేతులతోనేమో ముట్టుకోకూడదన్నారు.

తర్వాత ఉన్నట్టుండి గోడ వదిలి నిటారుగా నిలబడింది. రెండు చేతులూ గట్టిగా కట్టుకుంది.

"నువ్వు పని చేసుకో. నేనిలాగే నిలబడతా. నా చెయ్యి ఎక్కడ ముందుకొస్తే, అక్కడ నీకేదో చెప్పలేదని లెక్క. వెంటనే పని ఆపి నన్ను నిలదియ్యి. వదలొద్దు."

మొదటి చెయ్యి తువ్వాళ్ళ దగ్గర లేచింది. కోడలు పని ఆపి, "చెప్పండి" అన్నది. ప్రీవాషమ్మ గాల్లో ఉన్న తన చేతిని తనే వింతగా చూసుకుంది. "ఏమో... ఆ... బాగా తడిసినవి ఒకేపక్క పడుతున్నాయి. అలా వేస్తే తిరిగేటప్పుడు డ్రమ్ము ఒక పక్కకి లాగుతుంది. నలుమూలలా పంచు" అన్నది. తర్వాత తలుపు తియ్యబోతుంటే లేచింది. "అద్దం మీద అరచెయ్యి ఆనించు ముందు. మరీ వేడిగా ఉంటే లోపల నీళ్ళు ఇంకా పూర్తిగా దిగలేదన్నమాట." సబ్బు పోస్తుంటే లేచింది. మూట విప్పుతుంటే, జేబుల్లో తడుముతుంటే, మీట తిప్పాక మిషను చప్పుడు వినకుండా కోడలు పక్కకు తిరిగితే కూడా లేచింది. లేచిన ప్రతిసారీ ఆ అమ్మాయి మొహమాటం లేకుండా "చెప్పండి" అనేది. ఒక్కోసారి తెలిసినదాన్ని మాటల్లో పెట్టలేక ఆవిడ తల ప్రాణం తోకకొచ్చేది. "ఉండవే, వస్తోంది, వస్తోంది" అని కళ్ళు మూసుకుని తంటాలు పడేది. రోలరు మామ పని మానేసి మరీ ఈ తతంగం చూసేవాడు. మొదట్లో నవ్వాడు. తర్వాత తర్వాత ఆయనా రోలరు దగ్గర కొత్తగా చేరిన మనిషిని నిలబెట్టి, చేతులు కట్టుకున్నాడు.

రోజులు గడిచేకొద్దీ చెయ్యి లేవడం తగ్గింది. తగ్గుతున్నకొద్దీ ప్రీవాషమ్మకు సంతోషంతో పాటు దిగులూ వేసేది. తను ఇంక అక్కర్లేని మనిషినవుతున్నానా అనిపించేది. ఆ మాట కోడలితో అనేసింది కూడా, దాచుకోవడం చేతకాక. కోడలు మూట విప్పుతూనే, "మీరు పక్కన లేకపోతే నాకు చెయ్యాడదు అత్తయ్యా" అన్నది, మామూలు విషయం చెప్పినట్టు. ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచింది.

నెలాఖరున మేనేజరు వచ్చి మిషనుకు ఎదురుగా నిలబడ్డాడు. కోడలు కుడిచేత్తో డ్రమ్ము తడిమింది, ఎడమచేత్తో మడత తడిమింది, "తీసుకున్నా" అన్నది. ప్రీవాషమ్మ చేతులు కట్టుకుంది. మిషను నిండింది, తిరిగింది, నీళ్ళు దిగాయి. ఆ అమ్మాయి అద్దం మీద అరచెయ్యి ఆనించి, కాస్త ఆగి, తలుపు తీసింది. లోపల దుప్పట్లు తెల్లగా ఉన్నాయి. అంతసేపూ ప్రీవాషమ్మ చేతులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. గోళ్ళు మాత్రం మోచేతుల్లో దిగాయి.

"సరే" అన్నాడు మేనేజరు. "రేపొచ్చి పర్మనెంటు కాగితాలు తీసుకోమ్మా." వెళ్ళిపోతూ ప్రీవాషమ్మ వైపు కూడా తలూపాడు.

కోడలు మొహం కడుక్కున్నట్టు రెండు చేతులతో రుద్దుకుని, మళ్ళీ పనిలో పడింది. తడిసిన దుప్పట్లన్నీ ఒకదానికొకటి పెనవేసుకున్నాయి. కొస పట్టుకుని లాగితే మొత్తం మూటంతా కదిలింది. సరిగ్గా అప్పుడు ప్రీవాషమ్మ చెయ్యి ముందుకొచ్చింది.

కోడలు ఉలిక్కిపడి ఆగింది. "ఏంటత్తయ్యా? ఇంకా చెప్పనిది ఉందా?"

"చెప్పడానికేం లేదే" అన్నది ప్రీవాషమ్మ. "బరువుగా ఉందని."

ఆవిడ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి దుప్పట్లను ట్రాలీలోకి దించారు.